పైదే నొక్కమన్నాను

నాలుగేళ్లుగా ఒక మనిషి ముందు నేను తలెత్తుకుని కూర్చోలేకపోతున్నాను. కారణం ఆయనకు తెలియదు. తెలియకపోవడమే నా బరువు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే వాళ్లు నన్ను ఓదారుస్తారు. ఓదార్పుకు నేను తగను.

నేను రాజాంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. మా సొంతూరు కోటబొమ్మాళికి దగ్గర. మా అక్కను అదే ఊళ్లో దానియేలు బావకిచ్చారు. బావకు మూడెకరాల వరిపొలం. చదువు పదో తరగతితో ఆగిపోయింది, వాదన మాత్రం ఆగలేదు. మా చర్చిలో నెలకో ఆదివారం ఆరాధన అయ్యాక యువకుల కూటం పెట్టి ఏదో ఒక విషయం మీద డిబేట్ నడిపేవాళ్లం. బావ ఏ పక్షాన నిలబడితే ఆ పక్షం గెలిచేది. ఎదుటి పక్షంలో ఎక్కువసార్లు నేనుండేవాణ్ణి. గెలిచాక నా భుజం మీద చెయ్యేసి, "ఒరే బామ్మర్దీ, ఎమ్మెస్సీ సేసినావు గాని ఎదుటోడు అడిగినదానికి జవాబు సెప్పడం ఏ కాలేజీలోనూ నేర్పలేదేట్రా నీకు?" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల ఏదో గీరుకునేది.

అసూయ అంటే ఒప్పుకునేవాణ్ణి కాదు అప్పట్లో. ఇప్పుడు ఇంకే పేరూ దొరకడం లేదు.

ఆ రోజుల్లో నాకు క్రిప్టో పిచ్చి పట్టింది. కొద్దిగా కొన్నాను, కొద్దిగా పెరిగింది. ఆ కొద్దిపాటి పెరుగుదలకే ప్రపంచం నాకు అర్థమైపోయిందనుకున్నాను. ఆ నెల డిబేట్‌కు విషయం నేనే ఇచ్చాను: క్రిప్టో కరెన్సీ రోజువారీ డబ్బుగా పనికొస్తుందా? పనికొస్తుందని నేను. పనికిరాదని బావ.

నేను బాగా మాట్లాడాను. బ్యాంకుకు సెలవులుంటాయి, దీనికి లేవన్నాను. గల్ఫ్ నుంచి మనవాళ్లు పంపితే నిమిషాల్లో చేరుతుందన్నాను. ధర ఎగుడుదిగుళ్ల గురించి భయపడేవాళ్లకు డాలరుతో ముడిపెట్టిన నాణేలున్నాయన్నాను. బావ అంతా విని లేచాడు. భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"అన్నీ బావున్నాయిరా. ఒక్కటి సెప్పు. ఉడుపుల రోజున నారు నాటీసి పొద్దోయేక పద్దెనిమిది మంది ఆడోళ్లు గట్టు మీన కూకుంటారు. ఆళ్లకి కూలి సేతిలో పడాలి. రేపు కాదు, ఎల్లుండి కాదు. పడకపోతే మర్నాడు ఇంకోడి సేనుకి ఎలిపోతారు. నీ డబ్బు ఆ గట్టు దాకా వస్తాదా, రాదా? ఆ ముక్క సెప్పు ముందు."

హాలంతా చప్పట్లు. "సెప్పండి మాస్టారూ" అని వెనక బెంచీ నుంచి ఎవరో అరిచారు.

ఆయన అలాంటిదేదో అడుగుతాడని నాకు తెలుసు. సిద్ధంగానే వచ్చాను. గేటు దగ్గర టీ అమ్మే రూతమ్మ పిన్నిని లోపలికి పిలిచాను. ఆమె ఫోన్‌ను అందరికీ చూపించి, నా ఫోన్‌లోంచి ఒక టీ డబ్బు క్రిప్టోలో పంపుతున్నానన్నాను. నొక్కాను. క్షణంలో ఆమె చేతిలో ఫోన్ మోగింది. "వచ్చినాది బాబూ" అంది.

రాలేదు.

ముందురోజు సాయంత్రం పిన్నితో కలిసి నేను నిజంగానే ప్రయత్నించి చూశాను. అరగంట దాటినా చేరలేదు. ఆ టీ డబ్బు పంపడానికి యాప్‌వాళ్లు కోసుకునే రుసుము టీ ఖరీదు కంటే ఎక్కువ. అంటే డిబేట్ ముందురోజే నాకు జవాబు తెలుసు. బావ పక్షమే నిజం. అయినా పొద్దున్నే పిన్ని చేతిలో వంద రూపాయలు పెట్టి, ఫోన్ మోగగానే వచ్చిందని చెప్పమన్నాను. ఆమె ఫోన్‌ను మోగించింది జేబులోని నా రెండో ఫోన్ నుంచి ఇచ్చిన మిస్డ్ కాల్. దేవుని మందిరంలో, బైబిలు పెట్టే బల్ల పక్కన నిలబెట్టి, ఆ పెద్దావిడ చేత అబద్ధమాడించాను. ఒక టీ కోసం. కాదు, ఒక్క గెలుపు కోసం.

బావ ఆమె వైపు తిరిగి, "పిన్నీ, నిజంగా వచ్చినాదా?" అని అడిగాడు. ఆమె నేల చూస్తూ తలూపింది. ఆయన రెండు చేతులూ పైకెత్తి, "అయితే నాను ఓడిపోనాను. కళ్లతో సూసినాక ఇంకేటి వాదన?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కంటితో చూసినదాన్ని కాదనని మనిషి ఆయన. నేను ఆ గుణాన్నే వాడుకున్నాను.

అక్కడితో ఆగి ఉంటే ఇది మీకు చెప్పేంత కథ కాకపోవును. పది రోజుల తర్వాత బావ రాజాం వచ్చాడు. ఉడుపుల ఖర్చు కోసం దాచిన డబ్బు తెచ్చాడు. ఇంట్లో ఉంటే అవసరాలకి కరిగిపోతోందట, నేను చూపించిన దాంట్లో పెట్టమన్నాడు. అప్పుడు చెప్పాల్సింది. కాలేజీ ఎదురుగా హోటల్లో ఇద్దరం ఇడ్లీ తింటున్నాం, పక్కన ఎవరూ లేరు, "బావా, ఆ రోజు చూపించింది ఉత్తుత్తిదే" అనడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. అనలేదు. డాలరుతో ముడిపెట్టినదాంట్లో పెడితే ధర పడదు కదా, ఇందులో మోసమేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకుని, నా చేత్తోనే ఆయన ఫోన్‌లో అంతా అమర్చిపెట్టాను.

ఉడుపుల రోజు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. నేను రెండు క్లాసుల మధ్య వరండాలో ఉన్నాను. ఆ నాణేలను రూపాయలుగా మార్చాలంటే యాప్‌లో కొనేవాడికి అమ్మాలి. వాడు రూపాయలు మన బ్యాంకు ఖాతాలో వేస్తాడు.

"కొంటామని ఇద్దరి పేర్లు సూపిస్తన్నాదిరా. పైదా, కిందదా?"

ఎవరు ఎక్కువ రేటిస్తున్నారని అడిగాను. పైవాడు పావలా ఎక్కువ ఇస్తున్నాడన్నాడు. "అయితే పైదే నొక్కు బావా" అన్నాను. ఆ పేరు కొత్తదా, పాతదా, అంతకుముందు వాడు ఎందరి దగ్గర కొన్నాడు అని చూసుకోవాలి. ఆ సంగతి నాకు తెలుసు. అడగలేదు. గంట కొట్టేశారు. క్లాసుకు వెళ్లిపోయాను.

రూపాయలు వచ్చాయి. వాటితో పాటు గొడవా వచ్చింది. ఆ కొన్నవాడు ఏదో దూర రాష్ట్రంలో ఎవరినో మోసం చేసి రాబట్టిన డబ్బు అది. డబ్బు పోయినవాళ్లు ఫిర్యాదు చేశారు. డబ్బు ఏ ఏ ఖాతాలకు వెళ్లిందో చూసుకుంటూ వచ్చి పోలీసులు బావ ఖాతాను కూడా ఆపించేశారు. సాయంత్రం ఏటీఎం దగ్గరకు వెళ్తే పైసా రాలేదు.

ఆ సాయంత్రం గట్టు మీద ఏం జరిగిందో నేను చూడలేదు. అక్క చెప్పింది. చీకటి పడేదాకా ఆడవాళ్లు కాళ్లకు బురద ఆరిపోయి అలాగే కూర్చున్నారట. బావ నాలుగిళ్లు తిరిగి సగం కూలి మాత్రం తేగలిగాడట. "రెక్కలాడించినోళ్లం, మాకూ పొయ్యి ఎలగాల గదా బాబూ" అని వాళ్లలో పెద్దది మెల్లగానే అందట. మర్నాడు వాళ్లు రాలేదు. ఆ అదనులో ఇంకెవరూ దొరకలేదు. బురదగా దున్ని దమ్ము పట్టిన ఎకరన్నర మడి అలాగే ఉండిపోయింది, నారు ముదిరిపోయింది. ఖాతా తెరుచుకోవడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఆ మధ్యలో బావ చెన్నైలో కట్టడం పనికి వెళ్లి ఇటుకలు మోశాడు.

ఇదంతా నా తప్పిదం అనుకోండి. తప్పిదాలు ఎవరికైనా జరుగుతాయి. నేను దాచింది ఇది కాదు.

ఖాతా ఆగిన మూడో రోజు బావతో బ్యాంకుకు వెళ్లాను. మేనేజరు కొన్నవాడి సంగతంతా నాకు చెప్పాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. బావ పాస్‌బుక్కును తువ్వాలులో చుట్టాడు. తర్వాత అడిగాడు.

"రూతమ్మ పిన్నికి అంత సులువుగా వచ్చినాది గదా. నాకే ఎందుకిలగైనాది? నానేటి తప్పు నొక్కినానంటావా?"

నా ముఖంలోకి చూస్తూ అడిగాడు. అనుమానం లేదు ఆ చూపులో. తెలుసుకోవాలని ఉంది, అంతే.

"కిందది నొక్కమన్నాను గదా బావా" అన్నాను. "నువ్వు పైది నొక్కీసినట్టున్నావు."

ఎలా వచ్చింది ఆ మాట? ముందుగా అనుకున్నది కాదు. ఎవరో నా నోట్లో పెట్టినట్టు, ఏ తడబాటూ లేకుండా, క్లాసులో కూడిక తప్పు చేసిన కుర్రాడితో అన్నట్టు వచ్చింది.

"కిందదన్నావా?"

"అవును."

ఆయన ఫోన్‌ను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "అలగైతే నానే సరిగ్గా ఇన్లేదు. ఉడుపుల సందడిలో సెవులు పనిసెయ్యలేదు" అన్నాడు. నా మోకాలు మీద చెయ్యి వేశాడు. "నువ్వు బాధపడకురా. సదువు లేనోడి సేతికి ఇలాటియి ఇవ్వకూడదు. నాదే బుద్ధి తక్కువ."

నన్ను ఓదార్చాడు.

ఆ తర్వాత బావ ఏ డిబేట్‌లోనూ లేవలేదు. పేరు పెట్టి పిలిస్తే నవ్వి ఊరుకునేవాడు. మెల్లగా ఆ కూటాలే ఆగిపోయాయి. రూతమ్మ పిన్ని ఒక ఆదివారం మడత పెట్టిన వంద నోటు నా చేతిలో కుక్కింది. "ఇది నా దగ్గరుంటే పార్థన రాటం లేదు బాబూ" అంది. నేను దాన్ని కానుకల సంచిలో వేశాను. అదీ తప్పించుకోవడమే కదా? ఆమె తన వంతు దించుకుంది. నా వంతుకు నేను కానుక అని పేరు పెట్టుకున్నాను.

పోయిన నెల చర్చిలో కానుకలు ఫోన్‌తో వేయడానికి స్కానింగ్ బోర్డు పెట్టాలా వద్దా అని మాట్లాడుకుంటున్నారు. సంఘ పెద్ద ఒకాయన, "దానియేలూ, నువ్వేటంటావు?" అన్నాడు. పాతరోజులైతే బావ ఆ ప్రశ్నను నాలుగు వైపులా తిప్పి చూసేవాడు. ఇప్పుడు, "నాకేటి తెలస్తాదండీ? మా బామ్మర్దినడగండి. ఆడు సెప్పినది సరిగ్గా ఇనకే ఓపాలి నష్టపోనాను" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన అందరికంటే ముందు నవ్వాడు. తలలన్నీ నా వైపు తిరిగాయి. నేను, "పెట్టుకోవచ్చు" అన్నాను.

పొలం కోలుకుంది. డబ్బూ వచ్చింది. కానీ ఆ హాల్లో అందరిలోకీ సరైన ప్రశ్న వేసిన మనిషి, ఇవాళ తన చెవులను తానే నమ్మడం మానేశాడు. నాలుగేళ్లుగా తనను తాను మొద్దు అనుకుంటున్నాడు. ఆ నమ్మకం నేను పెట్టింది. ఏ బ్యాంకు దాన్ని విడిపిస్తుంది?

క్షమించమని అడగొచ్చు కదా అంటారేమో. అడిగితే బావ వెంటనే క్షమిస్తాడు. మళ్లీ నా మోకాలు మీద చెయ్యి వేస్తాడు. ఆ చేతికే నాకు భయం. ఇది రాయడం ఆయనకు చెప్పడంతో సమానం కాదని నాకు తెలుసు. చెప్పే ధైర్యం రేపొస్తుందో, ఎన్నడూ రాదో, మాటివ్వలేను. నా మాట విలువెంతో మీరు చూశారు.

కానీ ఒక చోటైనా నిజం ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ఇక్కడ ఉంచుతున్నాను. రాస్తుంటే చాలా రోజుల తర్వాత ఊపిరి లోపలిదాకా వెళుతోంది. పైది నొక్కమన్నది నేనే. బావ సరిగ్గానే విన్నాడు.