బల్ల దగ్గర మా అత్త చెయ్యి

నా చిన్నప్పుడు నేను బాగా తెలిసిన పిల్లని. అంటే, అన్నీ నాకే తెలుసనుకునే పిల్లని. ఆదివారపు బడిలో వాక్యం అప్పజెప్పమంటే అందరికంటే ముందు లేచి నిలబడేదాన్ని. పక్కవాళ్ళు ఒక మాట తప్పితే చాలు, వాళ్ళు పూర్తి చేసేదాకా కూడా ఆగకుండా దిద్దేదాన్ని. "దీని నోటికి దేవుడు గొళ్ళెం పెట్టడం మర్సిపోయేడు" అని మా అమ్మ నెత్తి కొట్టుకునేది.

మాది నర్సీపట్నం. తొంభైల మొదట్లో సంగతి ఇది. మా తాతయ్య ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. చర్చిలో సంఘ పెద్ద. ఆదివారపు బడి చెప్పేదీ ఆయనే. ఆ ఏడు మాకు హోషేయ ప్రవక్త కథ చెప్పాడు. భార్య ఇల్లు విడిచి వేరేవాళ్ళ పంచన చేరితే, దేవుడు ఆ ప్రవక్తని, వెళ్ళి ఆమెని తిరిగి తెచ్చుకోమన్నాడు. తనని వదిలిపోయిన జనాన్ని తాను ఎలా వెనక్కి తెచ్చుకుంటాడో లోకానికి చూపించడానికి ఆ పని చేయించాడు. ఈ కథ చెబుతూ తాతయ్య రెండుసార్లు ఆగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. పడిశం పట్టిందనుకున్నాను. ఆ కథని పొల్లుపోకుండా తిరిగి చెప్పి, నేనొక స్టీలు గ్లాసు బహుమతిగా గెల్చుకున్నాను.

మా అత్త గురించి చెప్పాలి. నాన్నగారి చెల్లెలు. రోలుగుంట ఇచ్చారు. పెళ్ళైన మూడో ఏడు మొగుణ్ణి వదిలేసి, బెల్లం లారీ నడిపే అతనితో వెళ్ళిపోయింది. అతను రెండేళ్ళు ఉంచుకుని వదిలేశాడు. ఇంటికి వచ్చే మొహం లేక ఆమె నాతవరం దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని, జీడిపిక్కలు కొట్టే పనిలో కుదిరింది. ఆ పని చేసేవాళ్ళ చేతులు చూశారా? పిక్క పెంకులోంచి కారే నూనె తగిలి అరచేతులు నల్లగా మాడిపోతాయి, తోలు ఊడుతుంది. ఏ సబ్బుకీ ఆ నలుపు పోదు.

మా సంఘంలో 'బల్లలో చెయ్యి వెయ్యడం' అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. నెలకోసారి, మొదటి ఆదివారం. తప్పు చేసినవాళ్ళని ఆ బల్లకి దూరంగా ఉంచేవారు. తిరిగి చేర్చుకోవాలంటే అందరి ముందూ నిలబెట్టి, తప్పు ఒప్పించి, ఆ తరవాత పాస్టరుగారు కుడిచెయ్యి అందించేవారు. ఆ చెయ్యి అందాకే బల్లలో చెయ్యి. అత్త వెళ్ళిపోయినప్పుడు, ఇకనుంచి ఆమెకి బల్ల లేదని లేచి నిలబడి ప్రకటించింది ఎవరో కాదు, మా తాతయ్యే.

ఆరేళ్ళు గడిచాయి. హోషేయ కథ మాకు చెప్పిన తరవాత ఆయన మనసు నిలవలేదట. షేర్ ఆటో ఎక్కి నాతవరం వెళ్ళి, "పదమ్మా, ఇంటికి పద" అన్నాడట. పాస్టరుగారిని మాత్రం ఒకటే అడిగాడట: "అది లేనప్పుడు దాన్ని అందరి నోళ్ళలోనూ నిలబెట్టాను. ఇప్పుడు అది ఉండగా నిలబెట్టలేనండి. నా పెద్దరికం తీసేసుకోండి గానీ, దాన్ని నిలబెట్టకండి." పాస్టరుగారు మంచివారు. ఆ మొదటి ఆదివారం పొద్దున్నే తన ఇంట్లోనే అత్తకి కుడిచెయ్యి అందించి, ప్రార్థన చేసి చర్చికి పంపించారు. ఇవన్నీ నాకు తరవాత తెలిసిన సంగతులు. ఆ రోజు నాకెవరూ చెప్పలేదు.

ఆ రోజు అత్త తెల్లచీర కట్టుకుని, ఆడవాళ్ళ వైపు చివరి చాప మీద, నా పక్కనే వచ్చి కూర్చుంది. నా జడ చూసి నవ్వింది. నాకూ సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు? రొట్టె పళ్ళెం చేతులు మారుతూ మా వరసలోకి వచ్చింది. అత్త చెయ్యి చాపింది. ఆ నల్లటి చెయ్యి వణుకుతోంది. ఆమెకి కుడిచెయ్యి అందలేదే! అయోగ్యంగా తింటే శిక్ష అని తాతయ్యే కదా చెప్పాడు! అత్తకి ఏమైపోతుందో అన్న భయం, నాకు తెలుసన్న గొప్ప, రెండూ కలిసి నా నోరు తెరిపించాయి. అత్త మణికట్టు పట్టుకుని, "నువ్వు ముట్టకూడదత్తా! నీకింకా బల్ల నేదు కదా!" అన్నాను.

అంతా కళ్ళు మూసుకుని ఉన్న వేళ. నా గొంతు గోడలకి తగిలి తిరిగొచ్చింది. ముందు వరసల్లో తలలు తిరిగాయి. అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. కొంగు తల మీదకి లాక్కుని, లేచి వెళ్ళిపోయింది.

మగవాళ్ళ వైపు పళ్ళెం తిప్పుతున్న తాతయ్య అది చూశాడు. చేతిలోని పళ్ళెం పక్కవాళ్ళకిచ్చి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికొచ్చాడు. గుమ్మం దగ్గర నన్ను పిలిచాడు. కొడతాడనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని, "బేగి నడు" అన్నాడు, అంతే. మేం చేరేసరికి అత్త ఎక్కిన ఆటో కదిలిపోయింది. తరవాతిది ఎక్కాం.

అత్త నాతవరంలో తన గదిలో కింద కూర్చుని ఉంది. తాతయ్య గుమ్మంలోనే చతికిలబడ్డాడు. "పద తల్లీ, పాస్టరుగారు చెయ్యందించారు కదా" అన్నాడు. అత్త తల అడ్డంగా ఊపింది.

"దాన్నేటీ అనకు నాన్నా. సిన్నపిల్ల. అందరి మనసులో ఉన్నదే అది పైకనేసింది."

అప్పుడు తాతయ్య నావైపు తిరిగి, బహుమతి తెచ్చిన ఆ కథ చెప్పమన్నాడు. నేను మొదలుపెట్టాను. భార్య వెళ్ళిపోయిందన్నాను. ఎవరి పంచనో చేరిందన్నాను. "మరి ఆవిడే తిరిగొచ్చిందా?" అని ఆపాడు. "నేదు తాతయ్యా, ఆయనే ఎల్లాడు" అన్నాను. "ఆయన ఎల్లేసరికి ఆవిడ బాగుపడిపోయి ఉందా?" లేదన్నాను. అప్పటికి నాకు తెలిసొచ్చింది, నేను ఎవరి కథ ఎవరి ముందు చెబుతున్నానో. బావురుమన్నాను.

అత్త లేచొచ్చింది. జీడి అంటిన అరచెయ్యి నా మొహానికి తగిలితే బొబ్బలెక్కుతుందని, మోచేత్తో నన్ను దగ్గరికి లాక్కుని, కొంగుతో కళ్ళు తుడిచింది. "ఊరుకో కోడలా, నీ మీద నాకేటీ నేదు" అంది. ఆ నిమిషమే నన్ను క్షమించింది. నాకు తెలుసు, అది నిజమైన క్షమాపణ. కానీ చర్చికి రమ్మంటే మాత్రం రాలేదు.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. అత్త ఏడేళ్ళు చర్చికి రాలేదు. తాతయ్య ప్రతి మొదటి ఆదివారం ఆరాధన అవగానే నాతవరం వెళ్ళేవాడు. ఆమె వండింది తిని, ఆమె గుమ్మంలో కూర్చుని సాయంత్రానికి వచ్చేవాడు. "రానంటే ఎందుకు తాతయ్యా ఎల్లడం?" అని ఒకసారి అడిగాను. "జనం మనసు మార్చుకునేదాకా ప్రవక్తల్ని పంపడం దేవుడు మానాడా? మొదట ఆరేళ్ళు నేనే ఎల్లలేదు. నాకేం తొందర?" అన్నాడు. తరవాత ఆయనకి పక్షవాతం వచ్చింది. మంచంలో ఉండి కూడా మొదటి ఆదివారం ఎప్పుడని అడిగేవాడు. అత్త చివరి పది రోజులూ వచ్చి ఆయనకి అన్నం తినిపించింది. ఆమె బల్ల దగ్గర కూర్చోవడం మాత్రం ఆయన చూడకుండానే పోయాడు. ఆ బాధ ఇప్పటికీ నన్ను నిద్రలో లేపుతుంది.

ఆ మరుసటి ఏడు నేను బాప్తిస్మం తీసుకున్నాను. తాండవ ఏటి నీళ్ళలోంచి లేచి చూస్తే గట్టు మీద అత్త, పొడిచీర పట్టుకుని నిలబడి ఉంది. ఆ మధ్యాహ్నమే నాకు మొదటి బల్ల. ఆమె నాతోపాటు చర్చిలోకొచ్చి నా పక్కన కూర్చుంది. పళ్ళెం ముందు నా చేతికొచ్చింది. నేను తీసుకుని ఆమెవైపు జరిపాను. ఆమె చెయ్యి చాపలేదు. నా మొహంలోకి చూసి, నాకు మాత్రమే వినబడేలా, "ముట్టుకోనా అమ్మా?" అని అడిగింది.

దేవుడు ఆమెకి బల్ల ఎప్పుడో ఇచ్చేశాడు. పాస్టరుగారు ఇచ్చారు. తాతయ్య ఏళ్ళ తరబడి ఎండలో తిరిగి ఇచ్చాడు. ఆమె ఇంకా నన్ను అడుగుతోంది. ఆ నల్లటి అరచెయ్యి పట్టుకుని రొట్టె ముక్క అందులో పెట్టాను. నా వేళ్ళకి బొబ్బలెక్కాయో లేదో నాకు గుర్తులేదు.

అత్త ఇప్పుడు లేదు. జుట్టు నెరుస్తున్న ఈ వయసులో, ఆడవాళ్ళ వైపు పళ్ళెం తిప్పే పని నాది. వరసలో ఎవరు కూర్చున్నారో నేను చూడను. చాపిన చేతులు మాత్రం చూస్తాను. ఏ చెయ్యి వణికినా అక్కడ కాసేపు ఆగుతాను, అది తీసుకునేదాకా.