పేరు కొట్టేముందు

మా తమ్ముడు పేర్లు కొట్టే మిషన్ ఆన్ చేశాడంటే గుడివాడలోని మా స్టీలు సామాన్ల కొట్టంతా తుమ్మెదలు దూరినట్టుంటుంది. గిన్నె అంచు మీద ఆ జుయ్యిమనే చప్పుడు వింటే నాకు బందరులోని రొయ్యల ప్లాంటు గుర్తొస్తుంది. అక్కడ కంప్యూటర్ల విభాగానికి పెద్ద నాగమణి గారు. నాగాయలంకలో చేపల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టిన మనిషి, నా మొదటి పై అధికారి. కొట్లో పెరిగిన నేను ఊపిరి తీసినంత సులువుగా బేరమాడేదాన్ని. చేరిన రోజే సెలవుల మీద మొదలుపెట్టాను. ఆవిడ ఓపిగ్గా విని, "అమ్మాయ్, సగానికి కోస్తానని తెలిసే కదా రెట్టింపు అడుగుతున్నావు?" అన్నారు. నా గుట్టు అంత తొందరగా పట్టుకున్నది మా నాన్న తర్వాత ఆవిడే.

ఆ ప్లాంటులో హోస్ట్ అనే ఒకే పెద్ద యంత్రంలో చాలా కంప్యూటర్లు నడిచేవి. వాటి సరుకంతా పక్కనున్న స్టోరేజ్ పెట్టెలో, వాల్యూమ్ అనే ఒకే పెద్ద అరలో ఉండేది. దాని నకలు మేడ మీది పెట్టెలో. ఒక వానాకాలం మధ్యాహ్నం కింది పెట్టె ఆగిపోయింది. కోడూరు చెరువుల రొయ్యలు ఐసులో ఎదురుచూస్తున్నాయి. ఏది ఏ చెరువుదో కంప్యూటర్ చెప్పందే లేబుల్ పడదు, లేబుల్ పడందే కంటైనర్ కదలదు. నకలును హోస్ట్‌కి కలిపాం. హోస్టేమో 'నా దగ్గరున్నదాని నకలే ఇది' అని గుర్తుపట్టి లోపలికి రానివ్వలేదు. నల్లతెర మీద ఆదేశమిచ్చి చూస్తే నకళ్ల జాబితాలో బుద్ధిగా కూర్చుని ఉంది. ప్రతి వాల్యూమ్‌కీ పేరులాంటి ఒక గుర్తుంటుంది, నకలుకీ అసలుదాని గుర్తే ఉంది. ఇక రెండే దారులు. పాత గుర్తుతోనే ఎక్కించేస్తే క్షణంలో పని. కొత్త గుర్తు వేయిస్తే మాత్రం లోపలి కంప్యూటర్లన్నిటినీ ఒక్కొక్కటిగా మళ్లీ నమోదు చేయాలి.

నాలోని కొట్టుమనిషి లేచింది. "పాత పేరుతోనే ఎక్కించేద్దాం మేడమ్. ఒక్క ఆదేశంతో అయిపోద్ది."

"అసలుది బతికుందా?"

"పోయిందండీ. దీపం కూడా లేదు."

"పోయిందా, పడుకుందా? మళ్లీ కరెంటిస్తే లేవదని ఎవరైనా చెప్పారా?"

నేను ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసి రమ్మన్నాను. ఆవిడ కుర్చీ నా వైపు తిప్పారు. "పాతగిన్నె మార్పిడికొస్తే మీ కొట్లో ఏం చేస్తారు?"

"పేరు గీకేసి కొత్త పేరు కొడతాం."

"ఎందుకంట?"

"పెళ్లిలో గిన్నెలు కలిసిపోతే పాత పేరావిడొచ్చి నాదంటది కదండీ..." అంటూనే నాకు నవ్వొచ్చేసింది.

అంతలో మేనేజరు గారు తలుపు దగ్గర నిలబడి కేకేశారు. "అమ్మా నాగమణీ, ఐసు కరిగిపోతోంది! మీ నామకరణాలు తర్వాత చూసుకోండమ్మా!"

"పేరు పెట్టందే ఉయ్యాల్లో వెయ్యం సార్. ఇంకో లోడు ఐసు తెప్పించండి," అన్నారావిడ, తల తిప్పకుండానే.

ఆవిడకో పద్ధతి ఉండేది. ఆదేశం టైపు చేశాక చేతులు రెండూ ఒళ్లో పెట్టుకోవాలి. పక్కమనిషి వాల్యూమ్ గుర్తును అక్షరం అక్షరం పైకి చదవాలి. ఆ తర్వాతే ఎంటర్. ఆ రోజు నేను చదివాను, ఆవిడ ఒళ్లో చేతులు పెట్టుకుని విన్నారు. నకలు కొత్త పేరుతో లోపలికొచ్చింది. కంప్యూటర్లు ఒక్కొక్కటీ లేచాయి, లేబుళ్లు పడటం మొదలైంది. పొద్దున్నే వచ్చిన లోడు వివరాలు మాత్రం నకల్లో లేవు. నకలు తీసిన తర్వాత ఎక్కించినవవి. మేనేజరు గారు మళ్లీ తల పట్టుకున్నారు.

సాయంత్రానికి ఎలక్ట్రీషియన్ కింది పెట్టెకి కరెంటు సరిచేశాడు. అసలుది లేచి కూర్చుంది! తెర మీద రెండు వాల్యూములూ వేర్వేరు పేర్లతో, తగాదా లేకుండా పక్కపక్కనే కనిపించాయి. నా బేరమే నెగ్గుంటే ఒకే పేరుతో ఇద్దరు గుమ్మంలో ఎదురుపడేవారు, హోస్ట్ అసలుదాన్నే బయట నిలబెట్టేది. పొద్దుటి వివరాలు అందులోంచి తెచ్చుకున్నాం. కంటైనర్ గేటు దాటాక మేనేజరు గారు మా ఇద్దరికీ టీ పంపారు. "ఇంకో రెండు సమోసాలు అడగవోయ్, నీకు చేతనవును కదా," అన్నారు నాగమణి గారు. అడిగాను. నాలుగొచ్చాయి.

ఆవిడిప్పుడు రిటైరై నాగాయలంకలోనే హాయిగా ఉన్నారు. రేపు చూడ్డానికి వెళ్తూ ఒక క్యారేజీ తీసుకెళ్దామని మా కొట్టుకి వచ్చాను. తమ్ముడు మూత మీద సూది ఆనించబోయాడు.

"ఆగరా. చేతులు ఒళ్లో పెట్టుకో. నేను పేరు చదువుతాను."

"అక్కా, ఇది క్యారేజీయే! తప్పొస్తే ఇంకోటిస్తాను."

"పెట్టుకోరా."

విసుక్కుంటూనే పెట్టుకున్నాడు. మిషన్ జుయ్యిమంటూనే ఉంది. నేను 'నా' దగ్గర మొదలుపెట్టి, ఒక్కో అక్షరం పైకి చదివాను.