గళ్ళక్క నేర్చిన వరస

ఆ వీధి దుకాణాల వాళ్ళంతా ఆమెను గళ్ళక్క అనేవారు. వాళ్ళ వెబ్ పేజీలన్నీ ఆమె చేసినవే. పేజీ చెయ్యమంటే చాలు, ముందు ఓ పెద్ద పట్టిక వేసేది. ఒక గడిలో మాటలు, పక్క గడిలో బొమ్మ, రెంటికీ మధ్య ఎడం కావాలంటే ఓ ఖాళీ గడి. గీతలు బయటికి కనిపించవు గానీ, లోపలికి తొంగిచూస్తే పావురాల గూళ్ళే.

కింద భర్త కుట్టుమిషన్లు, పైన మేడగదిలో ఆమె కంప్యూటర్. ఆడపడుచు కూడా అదే విద్య నేర్చి, వదినతో కలిసి పనిచేస్తానని వచ్చింది. వచ్చిన రోజే ఒక పేజీ లోపలి రాత చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏంటి వదినా ఇది? గడిలో గడి, అందులో మళ్ళీ గడి!"

"ఉంటే? ఇన్నేళ్ళలో ఒక్క బొమ్మైనా జారిందా?"

"ఇప్పుడు ఇలా ఎవరూ చెయ్యట్లేదు. మాటలు ఒక ఫైల్లో వరసగా రాసుకోవడం, అవి ఎక్కడుండాలో, ఏ రంగులో ఉండాలో ఇంకో ఫైల్లో చెప్పడం. దాన్నే స్టైల్ షీట్ అంటారు."

"గోడల్లేకుండా ఇల్లెలా నిలబడుతుందే? నీ చోద్యం కాకపోతే!"

గళ్ళక్క పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అన్నం దగ్గర కూడా అదే వాదన. మధ్యలో టైలరుగారి పని అడకత్తెరలో పోకచెక్కలా తయారైంది. "నాకు కొలతలు తప్ప ఏమీ తెలీదు, నన్ను వదిలెయ్యండి," అని కంచం పట్టుకుని కిటికీ దగ్గరికి పోయేవాడు.

అలాంటి రోజుల్లో సంగీతం మాస్టారు పేజీ కావాలని వచ్చాడు. ఆయనకు చూపు లేదు. పేజీలో మాటలను ఫోనే చదివి వినిపిస్తుంది. గళ్ళక్క మనసుపెట్టి చేసింది: ఎడమవైపు పిల్లలకు సూచనలు, కుడివైపు అమ్మకానికి ఉన్న వాయిద్యాలు, చుట్టూ లేత నీలం అంచు. పని పూర్తయ్యాక మాస్టారు మేడెక్కి వచ్చి, కుర్చీలో సర్దుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

ఫోనుకు ఎడమేమిటి, కుడేమిటి! గళ్ళను అడ్డంగా చదువుకుంటూ పోయింది.

"కొత్తగా చేరే పిల్లలు. పాత వయొలిన్లు. తల్లిదండ్రులతో సహా రావాలి. సగం ధరకు అమ్ముతాం."

మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వాడు. "సగం ధరకు తల్లిదండ్రులా! పిల్లలు క్యూ కడతారమ్మా!"

గళ్ళక్కకూ నవ్వాగలేదు. కళ్ళు తుడుచుకుంటూనే అడిగింది, "మాస్టారూ, మన వీధి పేజీలన్నీ మీకిలాగే వినిపిస్తాయా?"

"అన్నీ ఇంతేనమ్మా. అలవాటైపోయింది. నేనే అతుకులేసుకుంటాను."

ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. తను అంత ముచ్చటపడి చేసినవి ఈ మనిషికి ఇన్నాళ్ళూ చిక్కుదారాలే! మాస్టారు మెట్లు దిగగానే ఆడపడుచు పక్కకు కుర్చీ లాక్కుంది.

"నీ షీట్లేవో చూపించవే. నవ్వావంటే మాత్రం ఊరుకోను."

ఆడపడుచు నవ్వింది. గళ్ళక్క ఊరుకుంది.

నేర్చుకోవడం తేలిగ్గా సాగలేదు. మొదటిసారి వయొలిన్ బొమ్మ వెళ్ళి మాస్టారి పేరు మీద కూర్చుంది. ఇంకోసారి మాటలన్నీ పేజీ అడుక్కి జారాయి. "దీని దుంప తెగ!" అని తిడుతూనే మళ్ళీ మొదలుపెట్టేది. ముందు చెప్పాల్సింది ముందు, తర్వాతది తర్వాత అని మాటలను వరసలో పెట్టడం పట్టుబడ్డాక, తక్కినదంతా దారిలో పడింది. ఆ ఊపులో పాఠాల వేళల పట్టికను కూడా విప్పబోతుంటే ఆడపడుచు చెయ్యి పట్టుకుంది.

"అది ఉండనీ వదినా. వారాలు, వేళలు, అది నిజంగానే పట్టిక. దానికి గళ్ళే సరి."

"అయితే నేను మరీ దండగమారిదాన్ని కాదన్నమాట!"

మాస్టారు మళ్ళీ వచ్చి విన్నాడు. పిల్లల సంగతి పూర్తయ్యాకే వయొలిన్ల సంగతి వచ్చింది. ఆయన వేళ్ళు కుర్చీ చేతిమీద తాళం వేస్తున్నాయి.

"ఎక్కడా తడబడలేదమ్మా. ఇలా వింటే హాయిగా ఉంది."

ఆ సాయంత్రం వదినా ఆడపడుచులు మెట్లు దిగుతూ మళ్ళీ వాదులాడుకున్నారు. వీధిలో ముందు ఎవరి పేజీ విప్పాలన్నది తగువు. టైలరుగారు ఆ గొంతులు విని, తనను మధ్యలోకి లాగకముందే మెల్లిగా మిషను తొక్కడం మొదలుపెట్టాడు.