టేపు అంటించిన స్లైడు

డాక్టరు ఎన్నేళ్ళు పనిచేసినా చదువు ఆపకూడదని మా మెడికల్ కౌన్సిల్ నియమం. రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలంటే కొన్ని గంటలు తరగతులకు హాజరైనట్టు చూపించాలి. హిందూపురంలో చిన్న ల్యాబ్ నడుపుకునే పెథాలజిస్టుని నేను. ఆ గంటలన్నీ ఆన్‌లైన్లోనే గడిపేదాన్ని. ఎక్కడో ఢిల్లీలో ఒకాయన కిడ్నీ జబ్బుల గురించి చెబుతుంటే, ఫోను స్టవ్ పక్కన ఆనించి సంగటి కెలుకుతూ వినేదాన్ని. సర్టిఫికెట్ మాత్రం ఠంచనుగా వచ్చేది.

ధర్మవరంలో ల్యాబ్ ఉన్న ఇంకో పెథాలజిస్టు ఒకరోజు ఫోన్ చేశారు. కాలేజీలో నాకంటే ఒక బ్యాచ్ సీనియర్.

"మేడం, ఈ ఆన్‌లైన్ క్లాసులతో మనకేం వస్తాండాది? నెలకొక ఆదివారం పెనుకొండలో కూర్చుందాం. మీకూ నాకూ మధ్యలో ఉంటాది. మన ప్రొఫెసరు గారు ఆడే ఉండారు కదా. కష్టమైన స్లైడు ఒకటి తెచ్చి, పేషెంటు పేరు కనపడకుండా టేపు అంటించి పెట్టాల. మిగిలినోళ్ళు చూసి చెప్పాల."

మాకిద్దరికీ పాఠాలు చెప్పిన ప్రొఫెసరు రిటైరయ్యాక సొంతూరు పెనుకొండలో స్థిరపడ్డారు. ఆయన ఇంటి మేడమీద గదిలో ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపు ఉండేది. సరేనన్నాను. కౌన్సిల్ లెక్కలోకి రాని గంటల కోసం ఈయనకెందుకింత ఆరాటమని లోపల అనిపించింది.

ఆ అనుమానానికి మా టెక్నీషియన్ నీళ్ళు పోసి పెంచాడు. "ఆయప్ప మనూర్లో బ్రాంచి పెడతాడంట మేడం. బస్టాండు కాడ రూము చూసినారంట. మీ పని ఎట్లుంటాదో చూసుకునేకే పిలుస్తాండాడేమో."

"ఎవరు చెప్పినారు?"

"అందరూ అనుకుంటాండారు."

మొదటి రెండు మూడు ఆదివారాలు బాగానే గడిచాయి. నేను మాత్రం మరీ చిక్కుగా ఉన్న స్లైడ్లు తీసుకెళ్ళేదాన్ని కాదు. నాకు ఏది తెలీదో ధర్మవరం డాక్టరుకు తెలియడం ఇష్టంలేదు. ఆయన నా ల్యాబ్ గురించి ఏమడిగినా ముక్తసరిగా జవాబు చెప్పేదాన్ని.

అప్పుడే మడకశిర నుంచి ఒక బట్టల షాపాయన మా ల్యాబ్‌కి వచ్చాడు. గొంతు దగ్గర థైరాయిడ్ గడ్డ. సూదితో కణాలు లాగి, స్లైడు చేసి చూశాను. క్యాన్సర్ కాదని రిపోర్టు ఇచ్చాను. వారం తిరక్కముందే మళ్ళీ వచ్చి స్లైడ్లు ఇమ్మన్నాడు.

"ఇంకోచోట చూపిద్దామని మేడం. ఏమనుకోవద్దండి."

"యాడ చూపిస్తారు?"

"ధర్మవరంలో మా బామ్మర్ది ఉండాడు. వాడు చూపిస్తానన్నాడు."

స్లైడ్లు అడిగి తీసుకోవడం పేషెంటు హక్కు. ఇచ్చేశాను. కానీ ఆ రోజంతా మనసు ఆ స్లైడ్ల వెనకాలే తిరిగింది.

తర్వాతి ఆదివారం పెనుకొండ వెళ్ళేసరికి ధర్మవరం డాక్టరు నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడే మనిషి ఆ రోజు నమస్కారం కూడా సరిగా పెట్టలేదు. టీ తాగకుండానే జేబులోంచి చిన్న పెట్టె తీసి, అందులోని స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టారు. ఒక చివర తెల్లటి టేపు అంటించి ఉంది.

"థైరాయిడ్. సూది పరీక్ష. మీరు చూడండి మేడం."

మడకశిర ఆయన స్లైడే, సందేహం లేదనుకున్నాను. నా తప్పు పట్టుకుని, దాన్ని మా గురువుగారి ముందు నా చేతే చెప్పించాలని తెచ్చారనుకున్నాను. కణాలకు పట్టించిన రంగు కూడా మా ల్యాబ్‌లో వేసినట్టే కొంచెం నీలంగా కనిపించింది.

ఒక వైపు నుంచి నేను, ఇంకో వైపు నుంచి ప్రొఫెసరు చూస్తున్నాం. మొదట అంతా మామూలుగానే ఉంది. స్లైడుని మెల్లగా జరుపుతూ పోతే ఒక మూల కణాల గుంపు కనిపించింది. వాటి కేంద్రకాల మీద కాఫీగింజకు ఉండే గీతలాంటి గీత. కొన్నిటి మధ్యలో గుండ్రటి ఖాళీలు. థైరాయిడ్ క్యాన్సర్లలో ఒక రకానికి అవి గుర్తులు.

ఇది నేను చూడకుండా ఎలా వదిలేశాను? ఏమీ లేదు, మామూలు గడ్డే అనేస్తే నా రిపోర్టు నిలబడుతుంది. కానీ పక్కనే ప్రొఫెసరు అవే కణాలు చూస్తున్నారు. ఆయన లేకపోయినా, చూసిన దాన్ని చూడలేదనడం నాకు చేతకాలేదు.

"ఇది క్యాన్సరే. పాపిలరీ రకం," అన్నాను.

"బాగా చూసినారా మేడం?"

"చూశాను."

"ఇంకోసారి చూడండి. గుంపు చిన్నది కదా. పొరపాటు పడే అవకాశం లేదంటారా?"

అలా రెట్టించి అడిగేసరికి నాకు ఒళ్ళు మండింది. "డాక్టరుగారూ, సూటిగా అడగండి. ఇది నా దగ్గర్నుంచి వచ్చిన స్లైడే కదా? నా రిపోర్టు తప్పని చెప్పడానికే కదా తెచ్చింది?"

ఆయన నావైపు అర్థంకానట్టు చూశారు. తర్వాత ప్రొఫెసరు వైపు తిరిగారు. ప్రొఫెసరు మైక్రోస్కోపు నుంచి కన్ను తీయకుండానే, "అమ్మాయి చెప్పింది కరెక్టప్పా," అన్నారు.

ధర్మవరం డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో మొహం కప్పుకున్నారు.

"మా ఇంటామెది సార్."

ప్రొఫెసరు మైక్రోస్కోపు నుంచి తలెత్తారు. ధర్మవరం డాక్టరు జరిగింది చెప్పారు. భార్య గొంతు దగ్గర చిన్న గడ్డ ఉందని తెలిసి తనే పరీక్ష చేశారట. ఒక పూట చూస్తే ఏమీ లేదనిపించేది, ఇంకో పూట చూస్తే ఉందనిపించేది. లేదని రాసేయాలని చెయ్యి లాగేదట. తన కన్ను మీద తనకే నమ్మకం పోయిందన్నారు.

"ముందే చెప్పొచ్చు కదప్పా," అన్నారు ప్రొఫెసరు.

"చెప్పింటే మీరు నా మొగం చూసి మాట్లాడేటోళ్ళు సార్. ఎవరిదో తెలీనోళ్ళు చూస్తేనే నాకు నమ్మకం."

నేను క్షమించమన్నాను. ఆయన విన్నారో లేదో తెలీదు. హిందూపురం తిరిగి వస్తూ దారిలోనే మడకశిర ఆయనకు ఫోన్ చేశాను. "ధర్మవరం పోలేదు మేడం, బెంగళూరులోనే చూపిచ్చినాం. వాళ్ళూ మీరు చెప్పిందే చెప్పినారు," అన్నాడు. కొన్నాళ్ళకు బస్టాండు దగ్గర బ్రాంచి బోర్డూ వేలాడింది. అదెవరో బెంగళూరు ల్యాబ్ కంపెనీది.

డాక్టరుగారి భార్యకు బెంగళూరులో ఆపరేషన్ అయింది. తొందరగా పట్టుకున్నారు కాబట్టి భయం లేదన్నారు అక్కడి డాక్టర్లు. ఆమె కోలుకున్నాక ఒక ఆదివారం ఆయనతోపాటు పెనుకొండ వచ్చింది. మేము స్లైడ్లు చూడటం అయ్యాక, నేను మేడ దిగుతుంటే మెట్ల మీద ఆపింది.

"అక్కా, నిజం చెప్పండి. ఆయనకి ముందే తెలుసు కదా? నాకు చెప్పకుండా దాచిపెట్టినాడు కదా?"

"తెలీదమ్మా. భయపడ్డారు, అంతే."

"మీరూ ఆయన పక్కే మాట్లాడతారు. డాక్టర్లంతా ఒకటే." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇప్పుడు కూడా ఫోనొస్తే పక్కకు పోయి మాట్లాడతాడు. నా గురించే అనుకుంటా."

నేను ఎంత చెప్పినా అది డాక్టరు మాటగానే మిగులుతుందని అర్థమైంది. పైకి వెళ్ళి ఆయన్ని పక్కకు పిలిచాను. "మీరు ఆ స్లైడు ఎన్నిసార్లు చూశారో, ఏమనుకున్నారో, అంతా ఆమెకు చెప్పండి. ఈ రోజే," అన్నాను. ఆయన తలూపి కిందికి దిగారు.

వాళ్ళిద్దరూ మెట్ల మీదే కూర్చున్నారు. ప్రొఫెసరూ నేనూ లోపల టీ తాగాం. మాటలు వినపడలేదు, ఒకసారి మాత్రం ఆమె గట్టిగా ఏడవడం వినిపించింది. బయటికి వచ్చేసరికి ఆయన కారు తీయడానికి వెళ్ళారు. ఆమె చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"ఇంకా అనుమానమేనా?" అని అడిగాను.

"కొంచెం తగ్గిండాది అక్కా," అంది.