గొంగడితో అలికిన ఐసు

పోటీలు మొదలై ఎనిమిదేళ్ళు నిండాయని హోటల్ వాళ్ళు ఒక పుస్తకం వేశారు. నున్నటి కాగితం, రంగుల ఫొటోలు, అట్ట మీద ఒక తెల్లమ్మాయి ఒంటికాలి మీద గిరగిరా తిరుగుతోంది. దుబాయ్‌లో, దేరాలోని ఆ హోటల్ ఐసు రింకులో ఏటేటా జరిగే అంతర్జాతీయ ఫిగర్ స్కేటింగ్ పోటీల చరిత్ర అట అది. ఏ ఏడు ఎవరు గెలిచారో, ఏ దేశం నుంచి ఎవరొచ్చారో, ఎవరి చేతుల మీదుగా పూలగుత్తులు అందాయో అన్నీ రాశారు. ఐసు ఎవరు చేశారో మాత్రం రాయలేదు. యూరప్ నుంచి తెప్పించిన యంత్రం చేసిందట. మొదటి ఏడు ఆ యంత్రం రేవులో పెట్టె విప్పకుండా పడి ఉంది. ఐసు చేసిన మేం దాని చక్రం కూడా చూడలేదు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ పుస్తకం మొత్తంలో మా గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. మొదటి ఏడు ఒక క్లీనర్, ముందే చెప్పినప్పటికీ మరిచిపోయి, ఒక స్కేటర్ గీసిన గీతలను న్యాయనిర్ణేతలు చూడకముందే చెరిపేశాడని. ఆఫీసు బల్ల దగ్గర నిలబడి అది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. పుస్తకాన్ని చంకలో పెట్టుకుని, ఎవరినీ అడక్కుండా బయటికొచ్చాను. నన్ను ఆపడానికి ఎవరికైనా దమ్ముంటే ఆపమనండి అనుకున్నాను. ఎవరూ తలెత్తి కూడా చూడలేదు.

ఆ క్లీనర్ అన్నారే, ఆయనది మా పక్క ఊరే. జగిత్యాల వైపు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. దేరాలోనే, నైఫ్ అనే పేటలో ఒక బట్టల దుకాణం మీద గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. ఆయన దుబాయ్‌కి వచ్చేటప్పుడు పెట్టెలో గొంగడి తెచ్చుకున్నాడు. మే నెలలో గోడ ముట్టుకుంటే చెయ్యి కాలే ఊళ్ళో గొంగడి ఎందుకే అన్నా అని గదంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, దాన్ని మడిచి తలకింద పెట్టుకున్నాడు.

మమ్మల్ని నలుగుర్ని రింకులో పనికి పెట్టారు. బయట నిప్పులు చెరిగే ఎండ, తలుపు తీసి లోపలికి అడుగుపెడితే ఎముకలు కొరికే చలి. రోజుకు పదిసార్లు ఆ తలుపు దాటేవాళ్ళం. పెదవులు పగిలి రక్తం వచ్చేది. కోటు ఒక్కటే ఇచ్చారు, నలుగురికీ. వంతులవారీగా తొడుక్కునేవాళ్ళం. అదీ ఆ పుస్తకంలో లేదు.

ఐసు నున్నగా రావాలంటే దాని మీద వేడినీళ్ళు పొయ్యాలి. మొదట మేం నమ్మలేదు, ఐసు మీద వేడినీళ్ళేమిటి వీళ్ళ మొహం అనుకున్నాం. తర్వాత అర్థమైంది. చన్నీళ్ళు పోస్తే బుడగలు పట్టి తెల్లగా పెళుసుగా గడ్డకడుతుంది. వేడినీళ్ళయితే పాత గీతలు కరిగి, అద్దంలా బిగుసుకుంటుంది. బండి మీద డ్రమ్ము, డ్రమ్ముకు వెనక చిల్లుల గొట్టం, గొట్టం కింద ఐసు మీద ఈడ్చుకుంటూ వచ్చే గుడ్డ. కంపెనీ తువ్వాళ్ళు ఇచ్చింది, అవి ముడతలు పడి ఐసు మీద కట్టలు కట్టేవి. కాన్వాసు ఇచ్చింది, అది నీళ్ళు పట్టదు. అట్లా వారం రోజులు తిట్లు తిన్నాక, ఒక పొద్దున అన్న నైఫ్ నుంచి గొంగడి చంకన పెట్టుకుని వచ్చాడు.

"గొర్రె బొచ్చు నీళ్ళు తాగుతది తమ్మీ, మెల్లగ ఇడుస్తది. సూడు," అన్నాడు.

దాన్ని గొట్టానికి కట్టాడు. బండిని ముందుండి లాగుతూ, గొంగడి మీదనే చూపు నిలిపి, వెనక్కి వెనక్కి నడిచాడు. మా అమ్మ వాకిలి అలికేటప్పుడు అట్లాగే వెనక్కి నడిచేది, అలికిన చోట అడుగు పడకుండా. అరగంటలో ఆ మూల నుంచి ఈ మూలకి ఒక్క గీటు లేకుండా ఐసు పరుచుకుంది. పైన లైట్లు దానిలో కనిపించాయి.

ఆ ఏడే మొదటి పోటీలు పెట్టారు. ఏడెనిమిది దేశాల నుంచి పిల్లలు వచ్చారు. వాళ్ళతో వచ్చిన ఒక ముసలి తెల్లామె, కోచ్, వచ్చిన రోజే మోకాళ్ళ మీద కూర్చుని ఐసును అరచేత్తో నిమిరింది. ఇది ఎవరు చేశారని అడిగింది. నేను పది పాసు, కరీంనగర్ హైస్కూల్లో ఇంగ్లీషు బాగా వచ్చినవాణ్ణి, అందుకని మా నలుగురి తరఫునా ఇంగ్లీషు మాట్లాడటం నా పని. అన్న వైపు చూపించాను. ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుని, ఇన్ని దేశాలు తిరిగాను, ఇట్లాంటి ఐసు తక్కువ చూశాను అన్నది. గొంగడితో సహా నిలబెట్టి ఫొటో తీసింది. ఆ మాటలన్నీ నేనే తెలుగులో చెప్పాలి. చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే చేదుగా ఉంది. చదువుకున్నది నేను, దొరలతో మాట్లాడేది నేను, ఫొటో నిశానీ వేసేవాడికి. ఆ మాట అనుకున్నాను. ఇప్పుడు కప్పిపెట్టి ఏం లాభం.

అన్నకు ఆ ఫొటో ధ్యాసే లేదు. ఆయనకు ఒక్కటే ధ్యాస, జగిత్యాల హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతున్న కూతురు. ఆమె నర్సు కావాలని, అది అయ్యేదాకా ఈ కొలువు నిలవాలని. వాళ్ళ వాడలో ఆడపిల్ల పది దాకా పోవడమే మొదటిసారి. "మా పోరి సూది మందు ఏసేదాక నేను గీ సలిల్నే ఉంట," అనేవాడు. గదిలో ఎవరికి జలుబు చేసినా, ఇంకో మూడేండ్లు ఆగుర్రి, మా పోరి వచ్చి చూస్తది అని ఎగతాళి చేసేవాడు.

పోటీల ముందురోజు పొద్దున ముదీర్ నన్ను ఒక్కణ్ణి పిలిచాడు. ముదీర్ అంటే రింకు మేనేజరు, ఇంగ్లీషు తప్ప ఇంకో భాష రానివాడు. మొదటిరోజు డాన్సు ఉండదు, గీతల పోటీ ఉంటుందని చెప్పాడు. ఒక్కొక్కరూ వచ్చి, ఒక్క కాలి మీద, బూటు కత్తితో ఐసు మీద ఎనిమిది అంకెలా రెండు గుండ్రాలు గీస్తారు. అదే గీత మీద మూడుసార్లు తిరుగుతారు. తర్వాత జడ్జీలు వచ్చి, వంగి, ఆ గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయా లేదా అని చూసి మార్కులు వేస్తారు. వాళ్ళు చెయ్యి ఎత్తేదాకా ఐసు ముట్టవద్దు. మీ వాళ్ళకి చెప్పు, ముఖ్యంగా ఆ ముసలాయనకి చెప్పు అన్నాడు.

మిగతా ఇద్దరికీ చెప్పాను. అన్నకు చెప్పలేదు.

మరిచిపోలేదు. సాయంత్రం గదిలో ఆయన పప్పు కలుపుతుంటే ఎదురుగానే కూర్చున్నాను. అంత గొప్ప ఐసు మొనగాడికి నేను చెప్పేదేంటి, రేపు ఒక్క కసురు పడితే అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను. ఒక్క కసురు. అంతకు మించి నేను కోరలేదని ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట ఎవడికి కావాలి.

ఐసు మీద గీత కనబడితే తుడవాలి. నెలల తరబడి మాకు తిట్టి తిట్టి నేర్పింది అదొక్కటే. పొద్దున పదింటికి ఒక సన్నటి పిల్ల వచ్చింది. రెండు చేతులూ చాపి, ఊపిరి బిగబట్టి, రెండు గుండ్రాలు గీసింది. మూడుసార్లూ ఒకే గీత మీద తిరిగింది. దిగి వెళ్ళింది. జడ్జీలు ఇంకా అవతలి మూలన అంతకుముందు వాడి గీతల మీద వంగి ఉన్నారు. అన్న ఈవలి గేటు తీసుకుని, వేడినీళ్ళ బకెట్‌తో, గుడ్డతో వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను ఎదురుగా కటకటాల దగ్గరే ఉన్నాను. కేక వెయ్యొచ్చు. వెయ్యలేదు. ఆయన ఎంత శ్రద్ధగా తుడిచాడంటే, జడ్జీలు వచ్చేసరికి అక్కడ ఎవరూ ఎప్పుడూ కాలు పెట్టినట్టు లేదు.

ఆ పిల్ల ఏడ్చింది. మళ్ళీ గీయమంటే వంకర గీసింది.

ఆఫీసులో మేం ముగ్గురమే. ముదీర్ ఎర్రబడిన మొహంతో బల్ల వెనక, అన్న తడి మోకాళ్ళతో ఇవతల, పక్కన నేను. "నువ్వు ఇతనికి చెప్పావా?" అని ముదీర్ నన్ను అడిగాడు.

"చెప్పాను సర్," అన్నాను ఇంగ్లీషులో.

"అయితే ఎందుకు చేశాడో అడుగు."

అడిగాను. అన్న నా వైపు తిరిగి, నిదానంగా, నాకు కష్టం కాకుండా ఒక్కొక్క మాటే చెప్పాడు. "నాకు గిది ఎవరు జెప్పలే తమ్మీ. ఎరుకుంటే ఆ పిల్ల గీసిన దాని మీద చెయ్యి పెడుదునా? గా మాట జెప్పు సారుకు. మంచిగ జెప్పు."

నేను ముదీర్ వైపు తిరిగి, "మరిచిపోయానంటున్నాడు సర్," అన్నాను.

ఖలాస్. పోటీలు ముగిసిన మూడో రోజుకి వీసా క్యాన్సిల్, టికెట్ చేతిలో. గదిలో పెట్టె సర్దుకుంటూ గొంగడి తీసి నాకిచ్చాడు. ఇది ఉండనీ తమ్మీ, ఐసుకు పనికొస్తది అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "నా తరఫున నువ్వు గంత ఇంగ్లీషు మాట్లాడినవ్. వాడు ఇనకపోతే నువ్వేం జేస్తవ్." తేలు కుట్టిన దొంగలా నిలబడి ఆ గొంగడి తీసుకున్నాను.

ఆ తర్వాత పోటీలు ఆగలేదు. రెండో ఏడు యంత్రం పెట్టెలోంచి బయటికొచ్చింది. దాన్ని నడపడానికి నన్ను సూపర్‌వైజర్ చేశారు, ఒక కోటు నాకు ఒక్కడికే ఇచ్చారు. మూడో ఏడు మిట్టమధ్యాహ్నం చల్లబరిచే యంత్రాలు మొరాయించి రింకు చెరువైతే, దేరా చేపల మార్కెట్ నుంచి ఐసు దిమ్మలు మోసుకొచ్చి, చితక్కొట్టి, చేతులతో అదిమింది మేమే. రెండు రోజులు రింకంతా చేపల కంపు. పుస్తకంలో దాన్ని చిన్న సాంకేతిక ఇబ్బంది అన్నారు. అయిదో ఏడు టీవీ వాళ్ళు వచ్చారు. కెమెరా మా వైపు తిరిగినప్పుడల్లా తెర వెనక్కి పొమ్మన్నారు, యల్లా యల్లా అని గొడ్లను తోలినట్టు. మేం చేసిన ఐసు కనబడాలి, మేం కనబడకూడదు. ఈ కోపం అబద్ధం కాదు, ఇప్పటికీ తగ్గలేదు. కానీ దీన్ని అడ్డం పెట్టుకుని నేను ఇంకోదాన్ని దాచానన్నది కూడా అబద్ధం కాదు.

పుస్తకం వేసిన ఏడు సెలవు మీద వెళ్ళినప్పుడు పుస్తకం, గొంగడి రెండూ తీసుకుని అన్న ఇంటికి పోయాను. కంపెనీని ఇద్దరం కలిసి తిట్టుకుందామని నా ఆలోచన. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, దగ్గుతున్నాడు. పక్కన కూతురు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పరీక్ష రాసిందట, పాసయిందట. ఆ పైన హాస్టల్ లేదు, నర్సు చదువూ లేదు. అదే ఊళ్ళో పెళ్ళి చేశారు. వేళ్ళ కొనలు తంబాకుతో నల్లబడ్డాయి. నాకు చాయ్ ఇచ్చింది.

అన్న గొంగడి ఒళ్ళోకి తీసుకుని పుస్తకం చూశాడు. "మన ముచ్చట రాసిన్రా తమ్మీ?"

"ఆ ఏడు ఐసు అద్దం లెక్క ఉండె అని రాసిన్రు అన్నా," అన్నాను. మళ్ళీ అదే నాలుక.

ఆయన మొహం వెలిగింది. "ఇన్నవా బిడ్డా," అని పుస్తకం కూతురికి ఇచ్చాడు. ఆమెకు ఇంగ్లీషు వచ్చన్న సంగతి నేను మరిచాను. ఆ వాడలో మందు సీసాల మీద రాతలు, వీసా కాగితాలు అన్నీ చదివిపెట్టేది ఆమేనట. నల్లటి వేలు ఒక్కొక్క మాట కింద కదిలింది. ఒకచోట ఆగింది.

"గట్ల లేదు బాపూ," అంది. "ముందుగాల్నే జెప్పినా మర్చిపోయిండు అని ఉంది."

"ఎవరు జెప్పిన్రే నాకు?" అన్నాడు ఆయన, కోపం లేకుండా. "ఎవరు జెప్పలే. కాకనే సాక్షి. నా పక్కనే ఉండె, అడుగు."

ఆమె పుస్తకం మూసి నా వైపు చూసింది. ఎనిమిదేళ్ళలో ముదీర్ అడగని ప్రశ్న, పుస్తకం రాసినవాడు అడగని ప్రశ్న ఆమె అడిగింది.

"మరి ఎవరు జెప్పాలె కాకా?"

"నేనే," అన్నాను. "నాకు జెప్పి, నీకు జెప్పుమన్నరు అన్నా. నేను జెప్పలే. ఆఫీసుల నువ్వు మర్చిపోయినవని అన్నది గూడ నేనే."

గొంగడి నిమురుతున్న ఆయన చెయ్యి ఆగిపోయింది.  ఆమె పుస్తకాన్ని నా పక్కన పెట్టి, చాట ఒళ్ళోకి లాక్కుని, కత్తెరతో ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.