జాడీలో తాండూరు బండ

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా పెరట్లో పిల్లి తిరిగితే నా నోట్లోకి వచ్చేసరికి అది చిరుతపులి అవుతుంది. మా ఇంటావిడ నేను చెప్పినదాన్ని పదితో భాగించుకుని వింటుంది. మీరు కూడా మీకు తోచినంత కోసుకుని చదువుకోండి. ఒక్క చోట మాత్రం పెంచలేదు, మొత్తానికే కల్పించాను. అదెక్కడో చివర చెప్తాను.

మా ఇల్లు వికారాబాద్‌లో. నేను నేలకు పరిచే తాండూరు బండలు అమ్ముతాను. ఇల్లు కట్టుకునే ప్రతివాడికీ ఇరవై ఏళ్లుగా ఒకటే మాట చెప్తున్నాను. ఈ బండ మీద ఏనుగుల్ని నడిపించుకోండి, ఏమీ కాదు, నిమ్మరసం చుక్క మాత్రం పడనీయకండి, పులుపు బండను తినేస్తుంది అని. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. నేను ఉంచుకోలేదు.

పెరట్లో మామిడి చెట్టు మా ఇంటావిడది. తాండూరు దగ్గరి యాలాల్ నుంచి స్కూటర్ మీద మొక్కను ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. దారి పొడవునా దానికి ఎండ తగలకుండా కొంగు కప్పింది, నాకు కప్పలేదు. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో నాతో మాట్లాడినదానికంటే ఆరేళ్లలో ఆ చెట్టుతో ఎక్కువ మాట్లాడింది. మొన్నటి ఎండాకాలం అది మొదటిసారి నిండుగా కాసింది. నాలుగు వేల కాయలు. లెక్కపెడితే నలభై మూడు.

ఆ కాయలతో తొక్కు పెట్టాలి. అదేం పెద్ద సంగతి అనుకుంటారేమో. అంతకు ముందు రెండేళ్లు బజారు కాయలతో పెడితే రెండుసార్లూ వానలు మొదలయ్యేసరికి జాడీలో తెల్లగా బూజు లేచింది. రెండోసారి మా అత్తమ్మ తాండూరు నుంచి వచ్చి, జాడీలోకి తొంగి చూసి, చాలా ప్రేమగా ఒక మాట అన్నది.

"ఇంకోసారి జూడు బిడ్డా. గప్పుడు గూడ బూజొస్తె ఇగ తొక్కు నేనే పెట్టి పంపిస్త. నువ్వేం ఫికర్ జెయ్యకు."

తిట్టి ఉంటే మా ఇంటావిడ తట్టుకునేది. ఆ 'ఫికర్ జెయ్యకు' ఆమెకు మిరపకాయ ఘాటులా తగిలింది. నలభై అయిదేళ్ల ఆడది తన ఇంట్లో తొక్కుకు తల్లి డబ్బా కోసం ఎదురుచూడటం ఏమిటి? ఈసారి చెట్టు తనది. ఈసారి పోతే అంతా పోయినట్టే.

తడి తగిలితే బూజే, అందుకని తొక్కు పెట్టిన మూడు రోజులూ మా ఇంట్లో నీళ్లకు కర్ఫ్యూ. జాడీని రెండు రోజుల ముందే కడిగి ఎండబెట్టింది. గరిటెలు, గుడ్డలు, కత్తిపీట, ఉప్పు, చివరికి ఉప్పు పోసిన పళ్లెం కూడా ఎండలో పడ్డాయి. వంటింటి నల్లాకు గుడ్డ చుట్టింది. నాకు చెమట పట్టిందని కాయలు కోసే పని మధ్యలో రెండుసార్లు లేపి ఫ్యాను కింద కూర్చోబెట్టింది. అనంతగిరి గుట్టల వైపు అరచేతంత మబ్బు కనబడితే చాలు, మేడ మీదకు పరుగు. తాండూరు నుంచి గంటకోసారి ఫోను. మబ్బు ఉందా, గాలి ఎటు కొడుతోంది, అల్లుడు చేతులు తుడుచుకున్నాడా.

మా అత్తమ్మ పద్ధతి ఏమిటంటే, ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో మూడు రోజులు ఊరనివ్వాలి. ముక్కల్లోంచి పుల్లటి ఊట దిగుతుంది. మూడో రోజు ముక్కల్ని పిండి, ఎండబెట్టి, కారం, మెంతిపిండి, నూనె కలిపి మళ్లీ ఆ ఊటలోనే వేయాలి. కలపడానికి తానే రైలెక్కి వస్తానన్నది. చూడటానికి వస్తున్నదని మా ఇద్దరికీ తెలుసు.

రెండో రోజు ముక్కలు ఊట పైకి తేలాయి. పైన తేలిన ముక్కకే బూజు ముందు పడుతుంది. మా ఇంటావిడ మేడ మీద ఉంది. అక్కడి నుంచే చెప్పింది.

"జర ఏదన్న బరువు పెట్టు. తడిది మాత్రం పెట్టకు."

మామూలుగా రోటి పొత్రం పెడతారు. దాన్ని పొద్దున్నే కడిగారు, ఇంకా చెమ్మగా ఉంది. ఇల్లంతా వెతికాను. పొడిగా, బరువుగా, శుభ్రంగా, నున్నగా ఉన్న వస్తువు ఒకటే దొరికింది. కొనేవాళ్లకు చూపించడానికి నేను సంచిలో వేసుకు తిరిగే అరచేతంత తాండూరు బండ ముక్క. గుడ్డతో తుడిచాను, పొయ్యి సెగ చూపించాను, మళ్లీ తుడిచాను. దానంత పొడిగా ఎడారిలో ఇసుక కూడా ఉండదు. ముక్కల మీద పెట్టి, మూతికి గుడ్డ కట్టాను. పెట్టినవా అని అడిగితే పెట్టిన అన్నాను, చాలా గర్వంగా.

మూడో రోజు పొద్దున మా ఇంటావిడ తల్లిని తీసుకురావడానికి స్టేషనుకు వెళ్లింది. నేను జాడీ దగ్గరికి పోతే లోపల సన్నగా చిటచిటమంటోంది. గుడ్డ విప్పాను. బండ చుట్టూ బుడగలు, గోలీ సోడా కొట్టినట్టు. నా గుండె కిందికి జారి స్టేషను రోడ్డు దాకా పోయింది. ఇరవై ఏళ్లుగా నేను చెప్తున్న మాట, నా ఇంట్లోనే, నా చేతి మీదుగానే నిజమైంది. పొడి గరిటెతో బండను బయటికి తీశాను. నునుపు మొత్తం పోయి, సుద్దముక్కలా తెల్లబారి ఉంది. పులుపు బండను తిన్నదంటే బండ కూడా పులుపును తిన్నట్టే. ఆ పులుపే కదా తొక్కును కాపాడేది. గుడ్డ కట్టాను. బండను చొక్కా జేబులో వేసుకున్నాను. బయట ఆటో ఆగింది.

అత్తమ్మ మంచినీళ్లు కూడా ముట్టలేదు. తడి అంటుతుందని. నేరుగా జాడీ దగ్గర కూర్చుంది. వాసన చూసింది. గరిటెతో చుక్క ఊట అరచేతిలో వేసుకుని నాలుకకు రాసుకుంది. మా ఇంటావిడ ఊపిరి పీల్చడం మానేసింది. అత్తమ్మ మళ్లీ ఒక చుక్క వేసుకుంది.

"పులుపేది బిడ్డా?"

అత్తమ్మ మూడో చుక్క కూడా నాలుకకు రాసుకుంది.

"ఉప్పు మంచిగనే పడ్డది. నీ చేతిల తప్పు లేదు. చెట్టు జాతే గంత. గీ కాయ తొక్కుకు పనికిరాదు, పండ్లు జేసుకుని తినుండ్రి."

మా ఇంటావిడ పెరటి కిటికీ వైపు చూసింది. ఆ చూపు నాకు చిన్నగా చేసి చెప్పడం రాదు, పెద్దగా చేసి చెప్పడమూ రాదు. ఆరేళ్లు పెంచిన దానికి అలాంటి పేరు వచ్చింది. అప్పుడు నేను జేబులోంచి బండ తీసి అత్తమ్మ ముందు పెట్టాను.

"చెట్టుది తప్పు లేదత్తమ్మా. బండ పెట్టింది నేను," అన్నాను.

అత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇరవై ఏండ్ల సంది ఏం అమ్ముతున్నవో నీకే ఎర్క లేదా అల్లుడా అని అడిగింది.

తర్వాత దారి వెతికింది మా ఇంటావిడే. ఊట పారబోసి, ముక్కల్ని ఎండబెట్టి, ఊటకు బదులు నిమ్మరసం పోస్తానంది. మబ్బు చూసినవా అని తల్లి అడిగితే, చూసిన అంది, అంతే. మేడ మీద దుప్పటి పరిచి ముక్కలు ఎండబోశాం. అనంతగిరి మీద నల్లటి మబ్బు లేచి, మా చిరునామా కనుక్కుని మరీ వస్తున్నట్టు వచ్చింది. మధ్యాహ్నం మూడు దాకా ముగ్గురం మెడలు ఎత్తి దాన్నే చూశాం. చివరి ముక్క పళ్లెంలో పడ్డాక మెట్ల మీద మొదటి చినుకు పడింది.

కలుపుతున్నంతసేపూ అత్తమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక్కసారి కూడా చేయి పెట్టలేదు. అంతా అయ్యాక, గుడ్డ గట్టు బిడ్డా అన్నది. వానలు వచ్చాయి, పోయాయి. దసరాకు జాడీ విప్పితే నూనె పైన ఎర్రగా, శుభ్రంగా ఉంది. అత్తమ్మ ఒక డబ్బా తాండూరుకు పట్టుకెళ్లింది. ఇప్పుడు డబ్బా అటు పోతోంది.

ఇక నేను కల్పించింది చెప్పాలి. నాలుగు వేల కాయలు, నల్లాకు చుట్టిన గుడ్డ, మా చిరునామా కనుక్కున్న మబ్బు, ఇవన్నీ ఉత్త పెంచి చెప్పినవే. కల్పన ఒక్కటే. ఆ రోజు నేను బండ తీసి ముందు పెట్టలేదు. నోరు విప్పలేదు. కిటికీలోంచి మబ్బు వైపు చూస్తూ నిలబడ్డాను. నా జేబు మీద ఊట దిగి పచ్చటి మరక అయ్యింది. మా ఇంటావిడ దాన్ని చూసి, దగ్గరికి వచ్చి, జేబులో చేయి పెట్టి బండ తీసింది. తల్లి ముందు పెట్టింది.

"చెట్టుకు పేరు పెట్టకమ్మా. నేనే చూసుకోక బండ పెట్టిన," అంది.

తన పరువు పోయినా సరే, చెట్టు పేరు నిలబడాలని. అత్తమ్మ బండను చూసింది, నా జేబును చూసింది.

"బండల గుణం నీకేం ఎర్క బిడ్డా. ఎర్కున్నోడు గాడ నిలవడ్డడు," అన్నది.

ఆ మాటకూ నేను నోరు విప్పలేదు. నిమ్మకాయలు కోయడానికి కూర్చున్నాను. వెయ్యి కాయలు కోశాను. సరే, పన్నెండు.