ముందు సీటులో మా తెలుగు టీచరు

డీజిలు పొగలో పచ్చి పసుపు వాసన కలిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. లంబసింగి చలిలో కూడా మండుతుంది. స్వెట్టరు అవసరం ఉండదు. చిలకమ్మ టీచరు గుర్తొస్తారు మరి.

ఆవిడ మా కొండల మనిషే. తొంభైల చివర్లో చింతపల్లి దగ్గర మా బడిలో తెలుగు చెప్పేవారు. అలంకారాల పాఠం రాగానే పుస్తకం మూసేసి, హక్కుల కోసం కొట్లాడినవాళ్ల కథలు ఎత్తుకున్నారు. అమెరికాలో తెల్లవాడి కోసం బస్సు సీటులోంచి లేవనన్న నల్లజాతి ఆవిడ గురించి చెబుతూ, "ఆమె కొండలా కూర్చుంది. ఇది ఉపమ. కొండ ఉపమానం. మనం ఎవరిని పోలుస్తున్నామో ఆ మనిషి ఉపమేయం" అన్నారు.

నేను ఊరుకుంటానా? "కొండ కూకుంటే బస్సు టైర్లు పేలిపోవా, టీచరమ్మా?"

"పేలాయిరా. ఆ మోత దేశమంతా వినబడింది. ఇది అతిశయోక్తి. ఇంక నువ్వు కూకో."

ఆ వారమే సంతకు జీపెక్కాం. ముందు సీటు కింది ఊళ్ల నుంచి వచ్చిన షావుకార్లది. అలా ఎవరూ రాసి పెట్టలేదు, ఎవరూ మీరలేదు. ముందు ఖాళీ ఉన్నా మేం వెనక పసుపు బస్తాల మీదో, టాపు మీదో. ఆ రోజు టీచరు నేరుగా వెళ్లి ముందు కూర్చున్నారు. ఒక షావుకారు వచ్చి చూసి, డ్రైవరుతో నవ్వుతూ అన్నాడు: "గొర్రెల్లాగ ఎనకెక్కేవోళ్లకి ఇప్పుడు ముందు సీటు కావాలేటి?"

టీచరు నా వైపు తిరిగారు. "ఒరే గుంటడా, ఆయన వాడింది ఏ అలంకారం?"

"ఉపమ, టీచరమ్మా."

"ఉపమేయం ఎవరు?"

జోకు నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. "మనమే."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆవిడ దిగితేనే బండి కదులుతుందన్నాడు. షావుకారును ఒక్కరూ ఏమీ అనలేదు. అందరూ ఆవిడ మీదే పడ్డారు. "బేగి దిగమ్మా, సంత అయిపోతాది!" అని అరిచింది మా అమ్మే. పసుపు అమ్మితేగానీ ఇంట్లోకి ఉప్పు రాదు. అది తెలిసే కదా వాడు ఇంజను ఆపింది! అమెరికా ఆవిడ కోసం ఆమెవాళ్లు బస్సులు మానేసి నడిచారట. మావాళ్లు బస్తాలు దింపుకుని ఇంకో జీపెక్కారు, మళ్లీ వెనకే. టీచరు మాత్రం దిగలేదు.

నెల తిరక్కుండా ఆవిడను బదిలీ చేశారు. పిల్లలకు పొగరు నేర్పుతోందని పైకి ఎవరో చెప్పారట. కొత్త మాస్టారు ఉపమకు నిర్వచనం బట్టీ పట్టమన్నారు. నేను బడే మానేశాను.

ఇప్పుడు మంచు చూడ్డానికి వచ్చిన టూరిస్టులు నా కొట్టు దగ్గర టీ తాగుతూ, "ఇక్కడివాళ్లు పసిపిల్లల్లాంటి వాళ్లండీ" అని మురిసిపోతారు. ఊరందరినీ నవ్వించే నాకు ఆ మాటకు మాత్రం నవ్వు రాదు.

"ఉపమేయం మీ ఎదుటే ఉంది సార్," అంటాను, "పేరు అడగండి."